మా అత్తమ్మ చదివిన కాడికి

మా అత్తమ్మ పోయి మొన్న వానకాలానికి ఏడాది నిండింది. సంవత్సరీకానికి వచ్చిన దూరపు చుట్టమొకామె విస్తరి ముందు కూర్చుని, "ఆమెకు భక్తి తక్కువ, నవలల పిచ్చి ఎక్కువ" అంది. తప్పుగా ఏమీ అనలేదు, రెండూ నిజమే. చైత్రంలో మహాకాళి జాతరకు చంద్రపూర్ ఊరంతా కదిలితే, మా అత్తమ్మ గుడి మెట్ల దాకా వచ్చి దండం పెట్టి, "అమ్మకు నేనెరుకే. లైన్ల నిలవడి చెప్పుకునేదేమున్నది?" అని మళ్ళిపోయేది. ఇంటికి వచ్చి, సగంలో ఆపిన పుస్తకం తీసేది. భక్తి సంగతి నాకు తెలియదు. నవలల సంగతి మాత్రం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను జగిత్యాల నుంచి మహారాష్ట్రలోని ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. గోల్ బజార్‌లో మా వాళ్ళకు స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడేవాళ్ళు గానీ మా ఆయనా, మరిదీ చదివింది మరాఠీ బడిలో. మామయ్యకు ఉర్దూ వచ్చు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి అత్తమ్మ ఒక్కతే. చెన్నూరు వైపు పల్లెలో పుట్టి, నాలుగో తరగతితో బడి మానేసి, ఆ నాలుగు తరగతుల చదువునీ జీవితాంతం అరగదీసిన మనిషి.

పెళ్ళయి వచ్చిన వారంలోనే నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది.

"పిల్లా, నీకు తెలుగు రాయొస్తదా?"

"వస్తది అత్తమ్మా. డిగ్రీల తెలుగే చదివిన."

"చదువుడు కాదు, రాసుడు. నేను చెప్తాంటే ఎన్కవడకుంట రాస్తవా?"

చుట్టాలకు ఉత్తరాలేమో అనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చుని, ఒక సాహస నవల గురించి చెప్పడం మొదలుపెట్టింది. కథ చెప్పలేదు. ఆ నవల ఎక్కడ బాగుందో, ఎక్కడ మోసం చేసిందో చెప్పింది. చదవడం ఆమెకు ఏరు పారినట్టు వచ్చేది గానీ రాయడం అలవాటు తప్పింది. ఒక వాక్యం రాసేలోపు పది వాక్యాలు మనసులోంచి జారిపోతున్నాయని ఇన్నేళ్ళూ బాధపడిందట. రాసే కోడలు రావాలని కోరుకుందట. తక్కిన అత్తలు కోడలి చేతి వంట చూస్తారు. మా అత్తమ్మ నా దస్తూరి చూసింది.

ఆ రోజుల్లో తెలుగు పాకెట్ నవలలు మా ఊరి పక్కనున్న బల్లార్షా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద దొరికేవి. హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లు అక్కడ చాలాసేపు ఆగుతాయి కాబట్టి స్టాలువాడు తెప్పించేవాడు. సరుకు కోసం హైదరాబాద్ పోయినప్పుడు మా ఆయన కూడా ఒక సంచీ నింపుకుని వచ్చేవాడు. అమ్మ ఏం చదువుతుందో ఆయనకు తెలియదు. అట్ట మీద బొమ్మ చూసి కొనేవాడు. తుపాకీ ఉండాలి, లేకపోతే పడవో, పులో, సముద్రపు దొంగలో ఉండాలి. ఆ బొమ్మల్లో ఒంటి మీద బట్ట సరిగా లేని ఆడపిల్ల ఒకతి తప్పకుండా ఉండేది. అత్తమ్మ పుస్తకం చేతికి రాగానే దానికి మరాఠీ పేపరుతో అట్ట వేసేది.

"బొమ్మ బజారు కోసం, కథ మనకోసం" అనేది.

పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూసే అలవాటు ఆమెకు లేదు. సరిగ్గా నడుమ విరిచి, అక్కడొక పేజీ చదివేది. "మొదటి పేజీ అందరు మంచిగనే రాస్తరు. పెండ్లి చూపులల్ల అందరు మంచిగనే మాట్లాడినట్టు. నడిమిట్ల ఏం చేస్తుండో చూడాలె" అనేది. నడుమ పేజీ నచ్చితే అప్పుడు మొదటికి వచ్చేది. పుస్తకం మరీ బాగుందంటే ఆ పూట పప్పులో ఉప్పు పడేది కాదు. చప్పటి పప్పు నోట్లో పెట్టుకుని మామయ్య మా ఆయనతో, "ఇయ్యాల బుక్కు మంచిగున్నట్టున్నదిరా" అనేవాడు. కోపంగా కాదు. ఆమె సంతోషం ఆయనకు అట్లా తెలిసేది.

ఆమె చెప్పినదాన్ని మొదటిసారి నేను శుభ్రమైన పుస్తకభాషలోకి మార్చి రాశాను. చదివి వినిపించమంది. రెండు వాక్యాలు విని చెయ్యి అడ్డం పెట్టింది.

"గిది నా మాట కాదు. సర్కారు నోటీసు లెక్కున్నది. నేనెట్ల అన్ననో గట్ల రాయి."

అట్లాగే రాశాను. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక వారపత్రికకు పంపాం. అది అచ్చయింది. ఇంకోటి పంపాం, అదీ అచ్చయింది. కొన్నాళ్ళకు సంపాదకుడి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. నెలకొకటి పంపమనీ, భాష మార్చవద్దనీ, శీర్షికకు ఒక పేరు కూడా చెప్పమనీ రాశాడు. అత్తమ్మ ఆలోచించకుండానే, "చదివిన కాడికి అని పెట్టుమను. నేను చదివిన కాడికే కదా నాకు తెలిసేది" అంది. అట్లా గోల్ బజార్‌లో స్టీలు చెంబుల మధ్య కూర్చునే మనిషి, ఆంధ్రదేశమంతా చదివే పత్రికలో సాహస నవలల సమీక్షకురాలైంది. ఆమె దాన్ని సమీక్ష అని ఎప్పుడూ అనలేదు. "ఇవరం రాద్దాం దా" అనేది.

ఇవరం చెప్పేటప్పుడు ఆమె చేతిలో అడకత్తెర ఉండేది. పోక ముక్కలు కత్తిరిస్తూ చెప్పేది. ఒక పుస్తకాన్ని మెచ్చుకుంటుంటే ముక్కలు సన్నగా, ఒకే తీరుగా పడేవి. తిడుతుంటే ముక్కలు ఎగిరి నా కాగితం మీద పడేవి. పేరున్న రచయిత అని జంకేది కాదు. "ఈ కథానాయకుడు ఎడారిలో నాలుగు దినాలు నడిచిండు. ఒక్కపారి కూడ దూపగాలేదు. నడిచింది ఆయన కాదు, రాసినాయన పెన్ను" అని ఒక పెద్దాయన నవల మీద రాయించింది. ఇంకొకరి గురించి, "పుస్తకమంటే బస్సు లెక్క. టికెట్ తీసుకున్నంక నడితొవ్వల దించద్దు. ఈయన మనల్ని అడవిల దించి, డ్రైవర్‌తో సహా మాయమైండు" అంది.

ఎవరూ పట్టించుకోని పేర్లంటే ఆమెకు ప్రత్యేకమైన ప్రేమ. పెద్ద పేర్ల పుస్తకాలు ఎట్లాగూ అమ్ముడుపోతాయి, వాటి గురించి తాను చెప్పేదేముందని అనేది. ఒకే ఒక నవల రాసి ఊరుకున్న కర్నూలు బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన లోయలో పడ్డ బస్సు గురించి రాసిన నవలను ఆమె పత్రికలో పొగిడాకే నలుగురూ వెతుక్కుని చదివారు. స్టాలువాడికి కూడా ఆ సంగతి తెలుసు. "మాజీ, మీరు రాసిన పుస్తకం వచ్చింది" అని తీసి దాచేవాడు. మాజీ అంటే అమ్మగారని, మీరు రాసిన పుస్తకం అంటే ఆమె సమీక్షించినదని.

దుకాణంలో ఇంకో కచేరీ నడిచేది. కోర్పనా వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే మరాఠీ ఆడవాళ్ళు గిన్నెలు బేరమాడుతూ కూర్చునేవాళ్ళు. అత్తమ్మ వాళ్ళకు ఆ వారం చదివిన నవల మరాఠీలో చెప్పేది. సరిగ్గా సొరచేప నోరు తెరిచిన దగ్గర ఆపి, "పెద్ద గిన్నె కావాల్నా, చిన్నదా?" అనేది. వాళ్ళు గిన్నె సంగతి మరిచిపోయి, "మావశీ, పుఢే కాయ్ ఝాలం?" అని బతిమాలేవాళ్ళు. పిన్నీ, తర్వాత ఏమైంది అని. మామయ్య గల్లా దగ్గర నవ్వు ఆపుకునేవాడు.

ఇక అసలు చెప్పాల్సిన సంగతికి వస్తాను.

ఆ కాలంలో ఒక రచయిత పేరు మీద సాహస నవలలు వరసగా వచ్చేవి. ఒకే కథానాయకుడు ప్రతి నవలలోనూ ఒక గుహలోకో, సముద్రంలోకో, మూతపడ్డ గనిలోకో నిధి కోసం దిగేవాడు. అవి బాగా అమ్ముడయ్యేవి. అత్తమ్మ వాటిని మర్యాదకు చదివేది. "గడియారం లెక్క రాస్తడు. టైముకు తుపాకి, టైముకు ముద్దు" అనేది. అట్లాంటిది ఒకరోజు ఆ వరసలో వచ్చిన కొత్త నవల చదువుతూ పప్పులో ఉప్పు మరిచిపోయింది. కొన్ని నెలలకు ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. మూడోది ముగించి, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది.

"గీ మూడు ఆయన రాసినయి కావు. వేరే చెయ్యి."

"అట్ట మీద ఆయన పేరే ఉన్నది కదా అత్తమ్మా."

"దుకాణం బోర్డు మీద మీ మామ పేరున్నది. గిన్నెలు మీ మామనే చేసిండా?"

ఎట్లా తెలిసిందని అడిగాను. ఒక్కొక్కటీ తీసి చూపించింది. ఒకదాంట్లో గని కూలిపోయి లోపల చిక్కుకున్న ముసలి కార్మికుడు చావు గురించి మాట్లాడడు. ఇంటి దగ్గర బర్రెకు నీళ్ళెవరు పెడతారని అడుగుతాడు. ఇంకొకదాంట్లో పడవలో వంటవాడు తుఫాను వస్తుంటే పొయ్యి మీది చారు దించి, మూత పెట్టి, అప్పుడు పరిగెత్తుతాడు. మూడోదాంట్లో ప్రతినాయకుడు చచ్చిపోయాక, వాడి కుక్క ఏమైందో రచయిత మరిచిపోలేదు. కథానాయకుడు నిధి మోసుకుని పోతూ వెనక్కి తిరిగి ఆ కుక్కను కూడా పడవ ఎక్కించుకుంటాడు.

"ఎవరన్న రాస్తరానే గిట్ల? పగోడి కుక్కను యాది పెట్టుకునేటోడు పెద్ద మనసున్నోడు. నాకు తెల్సి ఆడమనిషి. వండి పెట్టే చెయ్యి అది. చారు మీద మూత పెట్టాలెనని మగోనికి యాడికెళ్ళి తెలుస్తది?"

ఆ నెల ఇవరంలో ఆ మాటే రాయించింది. ఈ మూడు నవలలూ అట్ట మీద ఉన్న పేరుగల ఆయన రాసినవి కావనీ, వేరే ఎవరో రాశారనీ, ఆ ఎవరో ఆ పేరుగల ఆయన కన్నా గొప్ప రచయిత అనీ చెప్పింది. పేరు తెలిస్తే ఆ పేరు మీద ఉన్నవన్నీ తెచ్చుకుంటానని ముగించింది. ఆమె పోక ముక్కలు సన్నగా, ఒకే తీరుగా పడ్డాయి.

అది అచ్చయ్యాక కలకలం రేగింది. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. ఆ నవలలు వేసే ప్రచురణకర్త కోపంతో పత్రికకు ప్రకటనలు ఆపేశాడని సంపాదకుడు రాశాడు. నింద వేయలేదు గానీ, మాట కొంచెం జాగ్రత్త అన్నాడు. అత్తమ్మ ఆ కార్డు విని, "జాగ్రత్తగనే చదివిన" అంది.

ఆ ఎండాకాలమే ఒక ఆదివారం పొద్దున ఒక మనిషి దుకాణం ముందు నిలబడ్డాడు. చంద్రపూర్ ఎండలో తలకు రుమాలు కూడా లేదు. సన్నగా, నలభై దాటిన మనిషి. మంచిర్యాల నుంచి బండెక్కి వచ్చానన్నాడు. "పుస్తకాల మీద రాసే అమ్మ ఇల్లు ఇదేనా?" అని అడిగాడు. పేరు చెప్పాడు గానీ ఆ పేరు మాకెవరికీ తెలియదు. ప్రైవేటు బడిలో తెలుగు చెప్తానన్నాడు. ఎవరో పాఠకుడు అనుకున్నాం. అట్లా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఉండేవాళ్ళు.

"ముందుగాల కాళ్ళు కడుక్కోన్రి సారూ. బువ్వ తిన్నంక మాట్లాడుకుందాం" అంది అత్తమ్మ.

ఆమె వడ్డిస్తుంటే ఆయన రెండు ముద్దలు తిని, "అమ్మా, పప్పుల మామిడికాయ ఆఖరుకు ఏసిన్రా?" అని అడిగాడు.

అత్తమ్మ గరిటె ఆపింది. "అవును. మీకు వంట వస్తదా సారూ?"

"మా ఇంటామె పోయి ఆరేండ్లాయె. ఇద్దరు ఆడపిల్లలు. నేనే వండుత."

అత్తమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. తర్వాత ఆయన విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేస్తూ, ఎంతో మామూలుగా అడిగింది.

"ఆ కుక్కను ఎందుకు సంపలేదు సారూ?"

ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది. తల ఎత్తినప్పుడు కళ్ళు నిండి ఉన్నాయి.

"సంపబుద్ధి కాలేదమ్మా."

అత్తమ్మ పకపకా నవ్వింది. "ఆడమనిషి అనుకున్న! ఎంత పొరపాటు పడ్డ! సారూ, మీరు మీసాలున్నోళ్ళని నాకేమెరుక?" ఆయనకు కూడా నవ్వు వచ్చింది. ఏడుస్తూనే నవ్వాడు. ఆ పూట మా ఇంట్లో జరిగింది పండగ అని చెప్పాలి. తన చదువు మీద తనకున్న నమ్మకమే మనిషై వచ్చి విస్తరి ముందు కూర్చుని అన్నం తింటుంటే, ఆమె కొంగుతో విసురుతూ కూర్చుంది.

కానీ ఆయన వచ్చింది అందుకు కాదు. చేతులు కడుక్కుని, చాప మీద కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"అమ్మా, మిమ్మల్ని తిట్టుకుంట బండెక్కిన. సిర్పూరు దాటినంక తిట్టబుద్ధి కాలేదు. నా రాతను నా రాత అని గుర్తువట్టిన మనిషి మీరొక్కరే. కని మీరు రాసినంక ప్రచురణాయన మమ్మల్నందరిని పిలిచి అడుగుతుండు. మేం ముగ్గురం నలుగురం ఉన్నం, ఆయన పేరు మీద రాసేటోళ్ళం. బయట పెట్టినోడు ఎవడో తెలిస్తే పని బంద్ అన్నడు. నాకు బడి జీతం నెలనెలా రాదు. ఈ పుస్తకాల మీదనే పిల్లల్ని సదివిస్తున్న."

"నేనేం చెయ్యాలె సారూ?"

"పొరపాటు పడ్డ అని రాయాలె అమ్మా. అవి మూడు ఆయన రాసినయే అని."

నాకు ఒళ్ళు మండింది. నేను అడ్డం వచ్చాను. "అత్తమ్మ చెప్పింది నిజమే కదా! ఇప్పుడు మీరే ఒప్పుకున్నరు కదా! నిజం చెప్పినామె అబద్ధమాడిన అని ఎందుకు రాసుకోవాలె?"

అత్తమ్మ అడకత్తెర తీసుకుంది గానీ కత్తిరించలేదు. మూసి, తెరిచి, మూసింది.

"నేను చూసింది చూడలేదని రాయమంటున్నవ్" అంది. ఆ మాటతో మీరు నుంచి నువ్వుకు వచ్చేసింది.

"అవునమ్మా."

"నా పేరు మీద."

"అవునమ్మా."

కింద బజార్లో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె గర్వం నాకు తెలుసు. పప్పులో ఉప్పు లేదంటే నవ్వేది గానీ, చదివింది సరిగ్గా చదవలేదంటే మాత్రం ఊరుకునేది కాదు. ఎవరి ఉత్తరానికైనా పుస్తకం తెరిచి, పేజీ చూపించి జవాబు రాయించేది. అట్లాంటి మనిషి నా వైపు తిరిగి అంది.

"నిజమని మనకు తేలింది గదనే. ఇంక ఎవరికి తేలాలె?"

తర్వాత ఆయనతో, "రాస్తా. నీ బిడ్డల కోసం రాస్తా. కని నాకోసం నువ్వొకటి రాయాలె. నీ పేరు మీద" అంది.

"నా పేరు మీద ఎవరేస్తరమ్మా?"

"ఎవరేస్తరో తర్వాత చూద్దాం. రాయకముందే అచ్చు గురించి ఏడుస్తవేంది? కుక్కను పడవ ఎక్కించిన మనిషివి, నీ పేరును ఒడ్డున ఇడిసి పెడ్తవా?"

సాయంత్రం బండికి ఆయన వెళ్ళిపోయాడు. పోతూ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే, "సారు కాళ్ళు పట్టుడేంది!" అని వెనక్కి జరిగింది.

మరునాడే రాయించింది. సాకులు లేవు, మెలికలు లేవు. 'ఆ మూడు నవలలు వేరే చెయ్యి అని రాసిన. పొరపాటు పడ్డ. అట్ట మీద పేరున్నాయనవే అవి' అని చెప్పి, ఇంకో నవల గురించి మొదలుపెట్టింది. అది అచ్చయ్యాక పాఠకులు ఊరుకుంటారా? 'చంద్రపూర్ అమ్మగారు కళ్ళద్దాలు మార్చుకోవాలి' అని ఒకరు రాశారు. 'నాలుగో తరగతి సమీక్షలు ఇట్లాగే ఉంటాయి' అని, తన చదువు గురించి ఆమె ఇదివరకు రాయించిన మాట పట్టుకుని, ఇంకొకరు. అవి కూడా నాతో చదివించుకుని విన్నది. కళ్ళద్దాల మాటకు నవ్వింది. రెండోదానికి నవ్వలేదు. ఆ పూట పప్పు, కూర అన్నీ సరిగ్గా కుదిరాయి. మామయ్య ఒక ముద్ద తిని ఆమె ముఖంలోకి చూశాడు. ఆ నెలా, పై నెలా ఆమె ఇవరం రాయించలేదు. చదవడం మాత్రం మానలేదు.

మళ్ళీ తనే ఒకరోజు పిలిచింది. "దా, ఎవరో కొత్త పిల్ల రాసింది. నర్సు అట. దవాఖాన్ల దొంగతనం గురించి. మంచిగ రాసింది" అని. ఏమీ జరగనట్టే చెప్పుకుంటూ పోయింది. తర్వాతి రెండు మూడేళ్ళలో అట్లా ఎన్ని కొత్త పేర్లు తీసిందో! కొందరు నిలబడ్డారు, కొందరు లేదు. వాళ్ళెవరినీ ఆమె చూడలేదు. వాళ్ళు కూడా ఆమెను చూడలేదు.

ఈలోగా కాలం మారిపోయింది. బజార్లో ఇంటింటి మీదుగా కేబుల్ తీగ లాగారు. మధ్యాహ్నాలు సీరియళ్ళ శబ్దంతో నిండిపోయాయి. బల్లార్షా స్టాలులో నవలలున్న చోట నీళ్ళ సీసాలూ, చిప్స్ ప్యాకెట్లూ, పోటీ పరీక్షల గైడ్లూ చేరాయి. "మాజీ, తెలుగు బుక్స్ ఎవరూ కొనట్లేదు" అని స్టాలువాడు చెప్పాడు. వారపత్రిక పేజీలు తగ్గించింది. పాకెట్ నవలలు వేసేవాళ్ళు ఒక్కొక్కరే మూసేశారు. గుహల్లో నిధులు వెతికే కథానాయకుడు కూడా ఒక నవలలో సముద్రంలోకి దిగి, ఆ తర్వాత మళ్ళీ పైకి రాలేదు.

అప్పుడు మంచిర్యాల సారు మళ్ళీ వచ్చాడు. చేతిలో అచ్చయిన పుస్తకం. 'నీళ్ళు నిండిన గని'. అట్ట మీద బొమ్మ లేదు, ఆయన పేరు ఉంది. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే ఆయన స్నేహితులే కలిసి మంచిర్యాల ప్రెస్సులో వేయించారట. "రాసి చాన దినాలాయె అమ్మా. వేసేటోళ్ళు దొరకలేదు" అన్నాడు.

అత్తమ్మ పుస్తకం తీసుకుంది. ఆయనను కూర్చోబెట్టి ఏమీ పొగడలేదు. "చదివినంక చెప్త" అంది, అంతే. చదివాక నన్ను పిలిచి ఇవరం చెప్పింది. 'ఈ రచయిత పేరు మీకు కొత్త. నాకు పాత' అని మొదలుపెట్టించింది. పొగిడింది. తప్పులు కూడా దాచలేదు. 'ఆఖరు అధ్యాయం తొందరపడి రాసిండు, బస్సు వెళ్ళిపోతదన్నట్టు. పాపం, ఎన్ని దినాల సంది ఆగిండో' అని రాయించింది. సొంత మనిషి కదా, ఆ మాట తీసేద్దామా అని అడిగాను. "సొంత మనిషి అయినందుకే ఉండాలె. లేకుంటే మిగిలింది ఎవరు నమ్ముతరు?" అంది.

ఆ ఉగాదికి చంద్రపూర్‌లో తెలుగువాళ్ళ సభ జరిగింది. ఆ పుస్తకాన్ని అక్కడ ఆవిష్కరించాలని అత్తమ్మ పట్టుబట్టింది. కరెంటు కేంద్రం వాళ్ళ ఊర్జానగర్ కాలనీ నుంచి ఇంజనీర్ల కుటుంబాలు వచ్చాయి. బజారు వ్యాపారులు వచ్చారు. పెద్దగా ఎవరూ నవలలు చదివేవాళ్ళు కాదు. పాటలూ, పిల్లల నృత్యాలూ చూడడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. అత్తమ్మ ముందు వరుసలో మామయ్య పక్కన కూర్చుంది. నేను మా చంటిపిల్లతో వెనక గోడ దగ్గర నిలబడ్డాను.

సారు మైకు ముందుకు వచ్చాడు. పుస్తకం గురించి చెప్పలేదు. ఆ మూడు నవలల గురించి చెప్పాడు. అవి తానే రాశానన్నాడు.

"అప్పుడు అమ్మ రాసింది అక్షరం అక్షరం నిజం. తప్పని నేనే రాయించిన. నా పొయ్యి ఆరకుండా ఉండాలెనని ఆమె తన మాటను ఎన్కకు తీసుకున్నది. ఎవరెన్ని అన్నా ఒక్కరోజు కూడ బయట పెట్టలేదు. ఇయ్యాల ఆ పుస్తకాలేసిన దుకాణం లేదు, నాకు భయం లేదు. అందుకే చెప్తున్న."

ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఎవరో ఒకరు, తర్వాత అందరూ. మామయ్య లేచి నిలబడి కొట్టాడు. ఆయనకు ఈ కథంతా ఇంట్లోనే తెలుసు. అయినా అప్పుడే విన్నవాడిలా కళ్ళు తుడుచుకున్నాడు.

అత్తమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె అంతవరకూ ఏ వేదికా ఎక్కలేదు. కొంగు నిండుగా కప్పుకుని ఎక్కింది. మైకుకు దగ్గరగా పోవాలని తెలియక, దూరం నుంచే దుకాణంలో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"సారు నా గురించి చెప్పుకుంట కూసుంటే పుస్తకం సంగతి ఎవరు చెప్తరు? గిందుకేనా మిమ్మల్ని పిలిచింది? ఇనున్రి."

చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట తన గురించి లేదు. మూతపడ్డ గని, దాంట్లోకి దిగిన అన్నదమ్ములు, పైన తాడు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి. హాలులో పిల్లలు కూడా అల్లరి ఆపారు. మరాఠీ బళ్ళలో చదువుకునే పిల్లలు, తెలుగు అక్షరం రానివాళ్ళు, కుర్చీల అంచుకు జరిగి వింటున్నారు. గనిలోకి నీళ్ళు రావడం మొదలైంది. మోకాళ్ళ దాకా వచ్చింది. నడుము దాకా వచ్చింది. పైన ఆడమనిషి చేతిలో తాడు ఒక్కసారి బిగుసుకుంది. అక్కడ ఆపింది.

"మిగిలింది పుస్తకంల ఉన్నది. తెలుగు చదువరాని పోరగాండ్లకు అమ్మలు, నాయినలు చదివి ఇనిపియ్యాలె" అని చెప్పి దిగిపోయింది.

జనం పుస్తకాల బల్ల వైపు ఒక్కసారిగా కదిలారు. సారు చేతిలో పెన్ను పట్టుకుని, ఎవరి పుస్తకం మీద సంతకం పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. నా పక్కన ఊర్జానగర్ నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉంది. మా ఊరికి కొత్త అనుకుంటాను. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"ఎవరండీ ఆమె? కాలేజీలో చెప్తారా?"

"కాదు" అన్నాను. "మా అత్తమ్మ."

అంత గట్టిగా అనాలనుకోలేదు. చంకలో పిల్ల ఉలిక్కిపడింది. మా ముందు రెండు వరుసలవాళ్ళు తిరిగి చూశారు.